డీర్ సీజన్‌కి ముందు రైఫిల్‌ని జీరో చేసుకోవడం ఎలా

నా మొదటి డీర్ సీజన్‌లో, టెక్సాస్‌లోని లానో కౌంటీలో, ఒక లేడిని గాయపరిచి పోగొట్టుకున్నాను. దూరం 120 గజాలు కూడా లేదు. గాలి లేదు. మంచెలో కూర్చుని, కిటికీ గట్టు మీద రైఫిల్ ఆనించి, తాపీగానే కాల్చాను. అది ఒక్కసారి ఎగిరిపడి, వెనక కాలు ఈడ్చుకుంటూ సీడర్ పొదల్లోకి పోయింది. టార్చిలైట్లతో రాత్రి పదింటిదాకా నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరిగాం. మర్నాడు తెల్లవారగానే మళ్ళీ వెళ్ళాం. దొరకలేదు.

ఆ మధ్యాహ్నమే టార్గెట్ పెట్టి కాల్చి చూస్తే తూటాలు గుర్తుకి ఏడంగుళాలు పక్కన పడుతున్నాయి. రైఫిల్ మీద గురి చూసుకునే దుర్భిణి, అదే స్కోప్, దాని కింద ఉండే ఒక స్క్రూ వదులైపోయింది. ట్రక్కులో మూడు గంటలు కుదుపుల్లో వచ్చిన రైఫిల్‌ని ఒక్క తూటాతో కూడా సరిచూడకుండా మంచె ఎక్కాను. తప్పు పూర్తిగా నాది. నన్ను వేటకి తీసుకెళ్ళిన గుంటూరు అన్న ఆ రోజు నన్ను తిట్టలేదు. "జంతువుకి మనం ఇవ్వగలిగింది ఒక్కటే తమ్ముడూ, నొప్పి తెలియని చావు. అది ఇవ్వలేకపోతే తుపాకీ పట్టుకోకూడదు" అన్నాడు. అప్పటినుంచి ప్రతి ఏడూ సెప్టెంబర్‌లోనే రైఫిల్‌ని జీరో చేయడం, అంటే స్కోప్‌లో గురిపెట్టిన చోటే తూటా పడేలా సరిచేయడం, మొదలుపెడతాను. నేను చేసే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి

ఇదంతా అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్‌లో ఉన్నవాళ్ళ కోసం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం, ఇందులో చర్చే లేదు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణది. విచిత్రం ఏమిటంటే ఆ రెండూ టెక్సాస్ నడుమ ఉన్న కొండల ప్రాంతం హిల్ కంట్రీలో మందలు మందలుగా తిరుగుతున్నాయి. మన చుక్కల దుప్పిని ఇక్కడ యాక్సిస్ డీర్ అంటారు. 1930లలో తెచ్చి వదిలారు. బయటినుంచి వచ్చిన జాతి కాబట్టి దానికి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితి లేదు, హంటింగ్ లైసెన్స్ మాత్రం ఉండాలి. మొదటిసారి ఫీడర్ దగ్గర, అంటే జింకలకి మేత చల్లే డబ్బా దగ్గర, దుప్పిని చూసినప్పుడు నాకు నల్లమల గుర్తొచ్చి చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను, కాల్చలేదు.

ఇక్కడి సొంత జింక వైట్‌టెయిల్. దాని జనరల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే కాల్చాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళంతా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్ళు నిండినవాళ్ళు ఆన్‌లైన్‌లో పూర్తి చేయవచ్చు. ఎన్ని జింకలు, ఎలాంటి కొమ్ములున్న మగవి కొట్టవచ్చు అన్నవి కౌంటీని బట్టి మారతాయి. మీరు వెళ్ళే కౌంటీ నియమాలు ఆ ఏడాదివి చదివి తీరాలి.

మనవాళ్ళలో చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. హెచ్1బీ, ఎల్1, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. స్నేహితుడితో సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి పది తూటాలు కాల్చడం కూడా ఈ చట్టం కిందికే వస్తుంది. టెక్సాస్ లైసెన్స్ సాధారణంగా ఆగస్టు 31తో ముగుస్తుంది. కొత్తది తీసుకోకుండా సెప్టెంబర్ 1న రేంజ్‌కి వెళితే ఆ మినహాయింపు మీకు లేనట్టే. గ్రీన్ కార్డ్ క్యూలో ఏళ్ళ తరబడి నిలబడినవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తుపాకీ ముట్టుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళకి ఈ అడ్డు లేదు.

తూటా ఎంచుకోవడం

రైఫిల్ మీ చేతికి వచ్చిందనుకుందాం. .243 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మూర్, .270, .308, .30-06, ఈ తూటా రకాల్లో ఏదైనా వైట్‌టెయిల్‌కి సరిపోతుంది. .30-06 పేరులో ఉన్న 06 అంటే 1906, అది పుట్టిన ఏడు. నూట ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న తూటా అది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను .243 గానీ 6.5 క్రీడ్‌మూర్ గానీ చెబుతాను. భుజానికి దెబ్బ తక్కువ. దెబ్బకి భయపడేవాళ్ళు ట్రిగ్గర్ నొక్కేముందే బిగుసుకుపోతారు, గురి అక్కడే పోతుంది. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలతో టెక్సాస్‌లో వైట్‌టెయిల్‌ని కొట్టడం చట్టవిరుద్ధం.

బారెల్ మీద, అంటే తూటా బయటికి పోయే గొట్టం మీద, చెక్కి ఉన్న పేరు, తూటా అడుగున ఉన్న పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయి ఉండాలి. "దాదాపు అదే" అన్న మాటకి ఇక్కడ చోటు లేదు. .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్ ఛాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే అరలోకి, దూరిపోతుంది. పేలిస్తే రైఫిల్ ముక్కలవుతుంది. ఇంట్లో రెండు రకాల రైఫిళ్ళున్నవాళ్ళు తూటాలు వేర్వేరు పెట్టెల్లో, వేర్వేరు చోట్ల పెట్టుకోండి.

జింకకి ముక్కు విచ్చుకునే తూటా కావాలి. సాఫ్ట్ పాయింట్ అన్నా, కొనకి రంగు ప్లాస్టిక్ ముక్క ఉన్నదన్నా అదే రకం. ఫుల్ మెటల్ జాకెట్ తూటాలు చవకగా దొరుకుతాయి, అవి రేంజ్‌కే. అవి విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసి బయటికి పోతాయి. జింక మైలు దూరం పరిగెత్తి ఎక్కడో నరకం అనుభవించి చస్తుంది. ఇంట్లో పిల్లలకి ఆ మాంసం పెడతారు కాబట్టి రాగి తూటాల గురించి కూడా ఆలోచించండి. సీసం తూటా లోపల పగిలినప్పుడు కంటికి కనపడని తునకలు మాంసంలోకి చాలా దూరం పోతాయి. మా ఇంట్లో కీమా చేసుకునేదే ఎక్కువ కాబట్టి నేను నాలుగేళ్ళుగా రాగి తూటాలే వాడుతున్నాను.

బరువు గ్రెయిన్లలో చెబుతారు. ఒక పౌండుకి 7,000 గ్రెయిన్లు. .308లో 150 గ్రెయిన్లది జింకకి ఎక్కువమంది వాడేది. అయితే ఏ బరువు, ఏ బ్రాండు అన్నది మీ రైఫిల్‌నే అడగాలి. ఒకే నమూనా రైఫిళ్ళు రెండు తీసుకున్నా, ఒకదానికి నచ్చిన తూటా రెండోదానికి నచ్చదు. మూడు రకాలు ఒక్కో పెట్టె కొని, 100 గజాల దగ్గర ఒక్కో రకానివి కొన్నేసి కాల్చి చూడండి. అన్నీ దగ్గర దగ్గరగా పడేలా కొట్టే రకాన్ని ఎంచుకుని, అదే లాట్ నంబరున్న, అంటే ఒకే విడతలో తయారైన, పెట్టెలు నాలుగు ఒకేసారి కొనేయండి. లాట్ నంబరు పెట్టె లోపలి మడత మీదో, అట్ట మీదో ఉంటుంది. సీజన్ మధ్యలో తూటా మారిస్తే మళ్ళీ మొదటినుంచి జీరో చేయాల్సిందే. నా రైఫిల్‌లో 150 గ్రెయిన్ల తూటాకీ 165 గ్రెయిన్ల తూటాకీ 100 గజాల దగ్గర రెండంగుళాల తేడా వస్తుంది.

ఇంట్లోనే తూటాలు తయారుచేసుకునేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. హ్యాండ్‌లోడింగ్ అంటారు. అది ఓపికతో, మంచి పుస్తకంతో, అనుభవం ఉన్న మనిషి పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన విద్య. మొదటి రెండు మూడు సీజన్లు ఫ్యాక్టరీ తూటాతో గడపండి. ఇవాళ్టి ఫ్యాక్టరీ తూటాలు 200 గజాల లోపు జింకకి కావలసినదానికన్నా కచ్చితంగా ఉంటాయి. వేరేవాళ్ళు ఇంట్లో నింపిన తూటాని మాత్రం ఎంత దగ్గరివాళ్ళు ఇచ్చినా మీ రైఫిల్‌లో పెట్టకండి. అందులో ఎంత మందు పోశారో మీకు తెలియదు.

స్క్రూలు

నన్ను దెబ్బతీసింది ఇదే కాబట్టి దీనిమీద ఎక్కువ చెబుతాను.

రైఫిల్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి నిర్ధారించుకోండి. తూటాలు పక్క గదిలో పెట్టండి. ఆ తర్వాత స్కోప్‌ని ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ గట్టిగా కదపండి. వెంట్రుకవాసి కదిలినా మొత్తం విప్పి మళ్ళీ బిగించాలి. కింద రైఫిల్‌కి అతుక్కుని ఉండే భాగం బేస్, స్కోప్‌ని చుట్టి పట్టుకునేవి రింగులు. స్క్రూ రంధ్రాల్లో నూనె ఉంటే తుడిచేయండి, నూనె మీద స్క్రూ నిలవదు. బేస్ స్క్రూలకి స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు లాక్‌టైట్, నీలం రంగుది, ఒక చుక్క చాలు. ఎర్రది వద్దు, తర్వాత ఊడదు.

బిగించడానికి టార్క్ రెంచ్, అంటే ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే పనిముట్టు, ఒకటి కొనుక్కోండి. చేతి లెక్కతో బిగిస్తే ఒకటి వదులుగా, ఒకటి స్కోప్ గొట్టం నొక్కుకుపోయేంత గట్టిగా అవుతుంది. రింగుల పైభాగం స్క్రూలకి సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్ పౌండ్ల బిగువు చెబుతారు. బేస్‌కి అంతకన్నా ఎక్కువ. మీ స్కోప్, రింగులతో వచ్చిన కాగితంలో ఉన్న అంకెనే పాటించండి. మంచం నులక బిగించినట్టు, ఒక మూల కొంచెం, ఎదురు మూల కొంచెం, మళ్ళీ మొదటి మూల, ఇలా దశలవారీగా పోవాలి.

స్కోప్‌ని ముందుకీ వెనక్కీ జరుపుతూ, రైఫిల్ భుజాన పెట్టి కళ్ళు మూసుకుని, తెరిచినప్పుడు మొత్తం గుండ్రంగా, అంచుల్లో నలుపు లేకుండా కనపడే చోట ఆపండి. కంటికీ స్కోప్‌కీ మధ్య మూడు, మూడున్నర అంగుళాలు ఉండాలి. దగ్గరైతే రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ అంచు కనుబొమ్మని చీరుస్తుంది. ఇక్కడి పాత వేటగాళ్ళలో చాలామందికి ఆ అర్ధచంద్రాకారం మచ్చ ఉంటుంది.

స్టాక్‌ని (భుజానికి ఆనే చెక్క భాగం) యాక్షన్‌కి (తూటాని పేల్చే లోహపు భాగం) కలిపే స్క్రూలు కూడా చూడండి. అందరూ స్కోప్ స్క్రూలు చూసి వీటిని మరిచిపోతారు.

రేంజ్‌లో ఉదయం

చల్లని వేళ, గాలి లేనప్పుడు వెళ్ళండి. సెప్టెంబర్ టెక్సాస్‌లో మధ్యాహ్నం బారెల్ మీద ఎండమావిలా గాలి కదులుతూ ఉంటుంది, గుర్తు నాట్యం చేస్తుంది. చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు పెట్టుకుని, వాటిమీద ఇయర్ మఫ్స్ కూడా పెట్టుకోండి. రైఫిల్ మోత 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఒక్క మోతతోనే చెవి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. కళ్ళద్దాలు తప్పనిసరి.

రేంజ్ ఆఫీసర్ "కోల్డ్" అన్నాడంటే ఎవరూ తుపాకీ ముట్టకూడదు. బోల్ట్ (తూటాని లోపలికి నెట్టి మూసే కడ్డీ) తెరిచి, తూటాలు తీసేసి, బెంచీ వెనక్కి జరగాలి. అవతల మనుషులు టార్గెట్లు మార్చుకుంటూ ఉంటారు. "హాట్" అన్న తర్వాతే మళ్ళీ బెంచీ దగ్గరికి. తుపాకీ ఎప్పుడూ నిండి ఉందనే అనుకోండి. గొట్టం మనిషి వైపు తిప్పకండి. కాల్చాలని నిర్ణయించుకునే వరకు వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. గుర్తు వెనకాల ఏముందో తెలియకుండా కాల్చకండి. ఈ నాలుగూ అలవాటు కావాలి, ఆలోచించి చేసేవి కాకూడదు.

రైఫిల్ ముందు భాగం, అంటే బారెల్ కింది చెక్క, ఇసుక సంచి మీద ఆనించండి. బారెల్‌ని దేనికీ ఆనించకండి, తూటా పక్కకి పోతుంది. వెనక చిన్న సంచి ఒకటి పెట్టి, దాన్ని ఎడమచేత్తో పిసుకుతూ గురిని పైకీ కిందికీ సర్దుకోండి. మీరు కండబలంతో పట్టుకోకుండానే రైఫిల్ గుర్తు వైపు చూస్తూ ఉండాలి. కళ్ళు మూసి, ఊపిరి వదిలి, తెరవండి. గురి జరిగిపోయి ఉంటే సంచుల్ని సర్దండి, చేతులతో లాగకండి.

ముందు 25 గజాలు. మొదటే 100 గజాలకి పోతే తూటా కాగితం మీదే పడక, ఎక్కడ పోయిందో తెలియక పెట్టె ఖాళీ అవుతుంది. బోల్ట్ రైఫిల్ అయితే బోల్ట్ బయటికి తీసి, వెనకనుంచి బారెల్ గుండా చూస్తూ గుర్తుని రంధ్రం మధ్యకి తెచ్చుకోండి. రైఫిల్ కదలకుండా, స్కోప్ గీతల్ని కూడా అదే గుర్తు మీదకి తిప్పండి. దీన్నే బోర్ సైటింగ్ అంటారు. ఇప్పుడు బోల్ట్ పెట్టి ఒక్క తూటా కాల్చండి. కాగితం మీద ఎక్కడో ఒకచోట పడుతుంది.

ఇక స్కోప్ మీది నాబ్‌లు. వాటిమీద ఎక్కువగా "1/4 ఎం.ఓ.ఏ." అని ఉంటుంది. 100 గజాల దగ్గర ఒక్క క్లిక్‌కి తూటా పావు అంగుళం జరుగుతుందని దానర్థం. అంగుళానికి నాలుగు క్లిక్కులు. 25 గజాల దగ్గర అదే క్లిక్ నాలుగో వంతే పనిచేస్తుంది, కాబట్టి అంగుళానికి 16 క్లిక్కులు. ఈ లెక్క తెలియక చాలామంది 25 గజాల దగ్గర నాలుగు క్లిక్కులు తిప్పి "స్కోప్ పాడైంది" అనుకుంటారు. నాబ్ మీది బాణం తూటా జరిగే దిశని చూపిస్తుంది. తూటా ఎడమకి పడితే కుడివైపు బాణం తిప్పాలి.

25 గజాల దగ్గర తూటా సరిగ్గా మధ్యలో పడాలని పట్టుబట్టకండి. స్కోప్ బారెల్‌కి అంగుళంన్నర పైన ఉంటుంది, తూటా కిందనుంచి ఎక్కుతూ వస్తూ ఉంటుంది. ఇక్కడ గుర్తుకి అర అంగుళం పైచిలుకు కింద పడితే 100 గజాల దగ్గర దాదాపు సరిపోతుంది. కుడి ఎడమలు మాత్రం ఇక్కడే సరిచేసుకోండి.

ఇప్పుడు 100 గజాలు. ఒకే గుర్తు మీద మూడు తూటాలు, ఒక్కోదానికీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగుతూ కాల్చండి. ఒక్క తూటా చూసి నాబ్ తిప్పకండి. ఆ తూటా తప్పు మీదో, రైఫిల్‌దో, గాలిదో ఒక్కదాన్ని చూస్తే తెలియదు. మూడు రంధ్రాల మధ్యబిందువు ఎక్కడుందో చూసి, అది గుర్తుకి ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలిచి, అన్ని క్లిక్కులు తిప్పండి. ఉదాహరణకి రెండంగుళాలు కింద, ఒక అంగుళం ఎడమన ఉంటే, పైకి 8 క్లిక్కులు, కుడికి 4. మళ్ళీ మూడు.

బారెల్ ముట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందంటే ఆపేయండి. నీడలో నిలబెట్టి పదిహేను, ఇరవై నిమిషాలు వదిలేయండి. సన్నటి హంటింగ్ బారెళ్ళు వేడెక్కితే తూటాలు చెదిరిపోతాయి, మీరు లేని తప్పుని సరిచేస్తూ కూర్చుంటారు. జీరో చేయడానికి సగం రోజు పడుతుంది. గంటలో అయిపోవాలనుకుంటే ఆ రోజు వెళ్ళకండి.

మూడు తూటాలూ అంగుళంన్నర వెడల్పు లోపల పడితే జింకకి చాలు. అంగుళం లోపలైతే చాలా బాగుంది. రెండున్నర దాటితే ముందు స్క్రూలు, తర్వాత తూటా మార్చి చూడటం, ఆ తర్వాత మీ ట్రిగ్గర్ పట్టు. ఈ వరస తప్పకండి. నిలువుగా ఒక గీతలా పడుతుంటే ఊపిరి అదుపులో లేదనో, సంచులు సరిగా లేవనో అనుమానించండి.

ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఏమీ పేలకపోతే, గొట్టం గుర్తు వైపే ఉంచి పూర్తిగా 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. శబ్దం మామూలుకన్నా చిన్నగా, పాప్ అన్నట్టు వినపడితే ఇంకో తూటా పెట్టొద్దు. మొదటిది బారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. బోల్ట్ తెరిచి రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి.

మీ భయాన్ని కనిపెట్టడం

పేలుడు కోసం ఎదురుచూస్తూ భుజం ముందుకి తోయడం, కన్ను మూయడం, దీన్ని ఫ్లించ్ అంటారు. అది ఉందని ఎవరూ ఒప్పుకోరు. స్నేహితుడిని పక్కన కూర్చోబెట్టి, మీకు కనపడకుండా ఒకసారి నిజం తూటా, ఒకసారి డమ్మీ తూటా పెట్టివ్వమనండి. డమ్మీ పడినప్పుడు గొట్టం కిందికి కుంగితే మీకు ఫ్లించ్ ఉన్నట్టే. నాది చూసి అన్న ఫోన్‌లో వీడియో తీసి చూపించాడు, అప్పుడుగానీ నమ్మలేదు. మందు ఒకటే, ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో రోజుకి పదిహేనుసార్లు ట్రిగ్గర్ నెమ్మదిగా వెనక్కి లాగడం, గీతలు కదలకుండా చూడటం. డమ్మీ తూటాలు పెట్టుకునే చేయండి, అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

చల్లటి బారెల్ నుంచి మొదటి తూటా

అందరూ ఇంతవరకు చేసి ఇంటికి పోతారు. నాకు మాత్రం అసలు పరీక్ష ఇక్కడినుంచే. జింక ఎదురుగా వచ్చినప్పుడు మీ బారెల్ చల్లగా ఉంటుంది, మీరు కాల్చేది ఒక్క తూటా. వేడెక్కిన బారెల్‌తో కాల్చిన మూడో, నాలుగో గ్రూపు, అంటే మూడు తూటాల వరస, ఎంత అందంగా ఉన్నా ఆ ఒక్క తూటా గురించి అది ఏమీ చెప్పదు.

అందుకని ఇంకో మూడు వారాలు, వారానికో రోజు రేంజ్‌కి వెళ్ళండి. వెళ్ళగానే, వేరే ఏదీ కాల్చకుండా, కొత్త కాగితం మీద ఒక్క తూటా కాల్చి, తేదీ రాసి దాచండి. తర్వాతి వారం అదే కాగితం మీద ఇంకొకటి. ఇలా మూడు నాలుగు రంధ్రాలు ఒకే కాగితం మీద చేరతాయి. ఆ కాగితమే మీ రైఫిల్ జాతకం. నాది ఎప్పుడూ ముప్పావు అంగుళం పైన పడుతుంది. దానికి తగ్గట్టే నాబ్ సర్దుకున్నాను.

బాగా శుభ్రం చేసి నూనె రాసిన బారెల్ నుంచి వచ్చే మొదటి తూటా ఇంకోచోట పడుతుంది. అక్టోబర్‌లో చివరిసారి శుభ్రం చేశాక మూడు నాలుగు తూటాలు కాల్చి, సీజన్ అయ్యేదాకా బారెల్ లోపల ముట్టుకోకండి. బయట తుప్పు పట్టకుండా తుడుచుకుంటే చాలు.

దూరం లెక్క

.308లో 150 గ్రెయిన్ల తూటా, సెకనుకి సుమారు 2,800 అడుగుల వేగంతో పోయేది, 100 గజాలకి జీరో చేస్తే 200 గజాల దగ్గర నాలుగంగుళాలు, 300 దగ్గర పద్నాలుగంగుళాలు కిందికి జారుతుంది. అదే 200 గజాలకి జీరో చేస్తే 100 దగ్గర రెండంగుళాలు పైన పడుతుంది. వైట్‌టెయిల్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాల పళ్ళెం అంత. హిల్ కంట్రీ జింకలు కొంచెం చిన్నవి కాబట్టి ఆరంగుళాలే అనుకోండి. ఫీడర్ దగ్గర వేటాడేవాళ్ళకి దూరం ముందే తెలుసు, ఎక్కువగా 80 నుంచి 120 గజాలు. వాళ్ళకి 100 గజాల జీరో చాలు, ఏ లెక్కా అక్కర్లేదు. దక్షిణ టెక్సాస్‌లో పొడవైన సెందెరోల మీద, అంటే పొదల మధ్య తిన్నగా కొట్టిన దారుల మీద వేటాడేవాళ్ళు 200 గజాల జీరో పెట్టుకోవచ్చు. పుస్తకంలో ఉన్న అంకెని నమ్మి 200 గజాల దగ్గర జింకని కొట్టకండి, ముందు ఆ దూరంలో కాగితాన్ని కొట్టి చూడండి.

పక్కగాలి గంటకి 10 మైళ్ళ వేగంతో వీస్తే ఇదే తూటా 200 గజాల దగ్గర మూడంగుళాల దాకా పక్కకి పోతుంది. 100 దగ్గర అంగుళం కూడా కాదు. కొత్తవాళ్ళు 150 గజాలు దాటి కాల్చకూడదని నా గట్టి అభిప్రాయం. లేజర్ రేంజ్‌ఫైండర్ ఉంటే మంచె ఎక్కగానే పెద్ద చెట్టు, రాయి, ఫీడర్, వీటి దూరాలు చూసి చిన్న కాగితం మీద రాసుకోండి.

బెంచీ వదిలేయండి

మీ మంచెలో ఇసుక సంచులు ఉండవు. అక్టోబర్ అంతా మోకాలి మీద కూర్చుని, కర్రల స్టాండ్ మీద ఆనించి, కుర్చీలో కూర్చుని కిటికీ గట్టు లాంటిదాని మీద పెట్టి కాల్చండి. గట్టి చెక్క మీద రైఫిల్ నేరుగా పెడితే ఎగిరి తూటా పైకి పోతుంది, మధ్యలో టోపీయో, మడిచిన చొక్కానో పెట్టండి. 100 గజాల దగ్గర పేపర్ ప్లేట్ పెట్టి, వేటలో వేసుకునే బట్టలే వేసుకుని, పదిసార్లు కాల్చండి. పదికి పదీ ప్లేట్‌లో పడే దూరమే మీ వేట దూరం. 80 గజాల దగ్గర పది పడి, 100 దగ్గర ఎనిమిదే పడితే, ఈ ఏడాదికి మీరు 80 గజాల వేటగాళ్ళు.

జింక పక్కకి తిరిగి నిలబడినప్పుడు ముందుకాలు వెనక అంచు వెంబడి కళ్ళు పైకి తీసుకెళ్ళండి. పొట్ట అంచు నుంచి మూడో వంతు ఎత్తులో ఆగండి. అక్కడే. ఎదురుగా తిరిగి ఉన్నా, వెనక్కి తిరిగి ఉన్నా ఆగండి, అది తిరుగుతుంది. తిరగకపోతే వెళ్ళిపోనివ్వండి.

కాల్చాక అరగంట మంచె దిగకండి. అది నిలబడిన చోటు, కనుమరుగైన చోటు గుర్తుపెట్టుకోండి. నురుగుతో గులాబీ రంగు నెత్తురు ఊపిరితిత్తులది, దగ్గరలోనే దొరుకుతుంది. ఆకుపచ్చ, దుర్వాసన ఉంటే పొట్టకి తగిలింది, కొన్ని గంటలు ఆగి వెళ్ళాలి, వెంటనే తరిమితే ఇంకా దూరం పోతుంది. గాయపడినదాన్ని వెతికే ప్రయత్నం చేయకుండా వదిలేయడం టెక్సాస్‌లో నేరం కూడా.

లీజుకి చేరాక మొదటి పని

ఎంత బాగా జీరో చేసినా, ప్రయాణం తర్వాత ఒక్క తూటా కాల్చి చూడకుండా మంచె ఎక్కకండి. లీజుకి, అంటే వేట కోసం అద్దెకి తీసుకున్న చోటికి, ముందురోజు మధ్యాహ్నానికే చేరుకోండి. లీజు యజమానికి చెప్పి, మట్టి గట్టు వెనకున్న చోట 100 గజాలు కొలిచి కాగితం పెట్టండి. రైఫిల్‌ని పెట్టెలోంచి తీసి బయటి గాలికి అరగంట ఉంచి, చల్లటి బారెల్‌తో ఒకటి కాల్చండి. మీ పాత కాగితం పక్కన పెట్టి చూడండి. అదే చోట పడితే స్కోప్ మూతలు వేసి పడుకోండి. అంగుళంన్నర దాటి తేడా వస్తే స్క్రూలు చూసి, మళ్ళీ మూడు కాల్చి, సరిచేయండి. టార్క్ రెంచ్, ఒక పెట్టె అదనపు తూటాలు, నాలుగు కాగితం టార్గెట్లు నా ట్రక్కులో ఎప్పుడూ ఉంటాయి. రైఫిల్ చేయి జారి కింద పడినా, ట్రక్కు డోరుకి స్కోప్ కొట్టుకున్నా ఆ పూట వేట మానేసి ఇదే పని మళ్ళీ చేయండి.